నాన్న ఖాతాలో రాత్రికి రాత్రే 20 వేలు పోయాయి. ఓటీపీ లేదు, కార్డు లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

పల్నాటి అబ్బాయి
అందరికీ నమస్కారం. మాది సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు, నేను హైదరాబాద్‌లో ఉద్యోగం. నిన్న నాన్న పాస్‌బుక్ ప్రింట్ వేయించుకోవడానికి బ్యాంకుకు వెళ్తే చివర్లో పదేసి వేల చొప్పున రెండు డెబిట్లు కనిపించాయి. రెండింటికీ ఎదురుగా ఏఈపీఎస్ అని ఉంది, ఆధార్ నంబరు, వేలిముద్రతో డబ్బు తీసే పద్ధతట. గట్టిగా అడిగితే టైమ్ చెప్పారు: ఒకటి రాత్రి 11:52కి, రెండోది 12:04కి. నాన్నకు ఏటీఎం కార్డు లేదు, ఫోన్‌పే లేదు, చేతిలో ఉన్నది బటన్ల ఫోన్. మెసేజ్ కూడా రాలేదు, ఎందుకంటే ఖాతాకు ఎప్పుడో వదిలేసిన పాత నంబరే ఉంది. మేనేజర్ గారు "వేలిముద్ర పడింది కాబట్టి మీ ఇంట్లోవాళ్ళే ఎవరో తీసుంటారు, కావాలంటే పోలీసులకు చెప్పుకోండి" అని పంపించేశారు. అమ్మ నిన్నటి నుంచి అన్నం ముట్టలేదు. ఎవరి దగ్గరికి వెళ్ళాలో చెప్పండి.

గోదారి గట్టు
అర్ధరాత్రి 12 గంటలకు మీ నాన్నగారు వేలిముద్ర వేయడానికి ఏ కొట్టు తెరిచి ఉందట? ఆ మాట మేనేజర్ గారినే అడగాల్సింది. ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టు తమ్ముడూ, మిగతావి తర్వాత.

కౌంటర్ వెనక
బాబూ, నేను బ్యాంకులో చేసి రిటైరైనవాణ్ణి. 1930కి చేసేటప్పుడు ఖాతా నంబరు, రెండు డెబిట్ల తేదీ, టైమ్, మొత్తం, రిఫరెన్స్ నంబరు దగ్గర పెట్టుకో. ఆ నంబరు స్టేట్‌మెంట్‌లో ఉంటుంది, పాస్‌బుక్‌లో ఒక్కోసారి సగమే పడుతుంది. ఫిర్యాదు తీసుకున్నాక ఒక అక్‌నాలెడ్జ్‌మెంట్ నంబరు ఇస్తారు. ఆ తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో మిగతా వివరాలు కూడా నింపాలి. చాలామంది ఫోన్ చేశాం కదా అని అక్కడితో వదిలేస్తారు.

ఇప్పుడు అసలు సంగతి. మేనేజర్ నోటితో పంపేశాడంటే నువ్వూ నోటితోనే చెప్పి ఉంటావు. అలా కాదు. "ఈ రెండు లావాదేవీలు నేను చేయలేదు, నాకు తెలియకుండా జరిగాయి" అని తెల్లకాగితం మీద రాసి, రెండో కాపీ మీద బ్రాంచి ముద్ర, తేదీ, టైమ్ వేయించుకోవాలి. ముద్ర వేయనంటే అక్కడే కూర్చుని బ్యాంకు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి కంప్లయింట్ నంబరు తీసుకో, అదే కాగితం ఫోటో తీసి మెయిల్ పెట్టు. నాన్నగారి సంతకం ఉండాలి, నీది కాదు.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, రిజర్వ్ బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన సర్క్యులర్ ఒకటుంది. తప్పు ఖాతాదారుడిదీ కాక, బ్యాంకుదీ కాక మధ్యలో ఎక్కడో జరిగి, బ్యాంకు నుంచి సమాచారం అందాక 3 పనిదినాల్లోపు చెప్తే ఖాతాదారుడి మీద ఒక్క రూపాయి పడకూడదు. 4 నుంచి 7 పనిదినాలైతే మామూలు సేవింగ్స్ ఖాతాకు గరిష్ఠంగా 10 వేలు, జీరో బ్యాలెన్స్ బేసిక్ ఖాతాకు 5 వేలు మన మీద పడతాయి. అది దాటితే ఆ బ్యాంకు బోర్డు పెట్టుకున్న పాలసీ ప్రకారం. సమాచారం అందిన రోజును లెక్కలోకి తీసుకోరు.

పల్నాటి అబ్బాయి
సార్, ధన్యవాదాలు. కానీ డబ్బు పోయి పది రోజులు దాటింది. మాకు తెలిసింది నిన్న. ఇక రానట్టేనా?

కౌంటర్ వెనక
అక్కడే నీకు పట్టు దొరుకుతుంది. సర్క్యులర్‌లో ఉన్నది "బ్యాంకు నుంచి సమాచారం అందాక" అని. మెసేజ్ పాత నంబరుకు వెళ్ళింది కాబట్టి మీకు అందింది పాస్‌బుక్ ప్రింట్ అయిన రోజే అని రాయండి. నంబరు మార్చుకోవాల్సిన బాధ్యత మీదే కదా అని బ్యాంకు అంటుంది, అందులో కొంత న్యాయం ఉంది. కానీ మొబైల్ నంబరు ఇవ్వని ఖాతాదారులకు ఏటీఎం విత్‌డ్రాయల్ తప్ప వేరే ఎలక్ట్రానిక్ లావాదేవీల సౌకర్యం ఇవ్వకూడదని కూడా అదే సర్క్యులర్ చెప్తుంది. పనిచేయని నంబరు పెట్టుకుని ఏఈపీఎస్ ఎందుకు వదిలేశారని మీరూ అడగొచ్చు.

ఇంకోటి. తప్పు ఖాతాదారుడిదే అని రుజువు చేయాల్సింది బ్యాంకు. "మీవాళ్ళే తీసుంటారు" అన్న ఒక్క మాట రుజువు కాదు. ఈరోజే వెళ్ళండి.

సీఎస్పీ సీను
అన్నా, మాది మండలంలో కస్టమర్ సర్వీస్ పాయింట్ (సీఎస్పీ), అంటే బ్యాంకు తరఫున డబ్బు ఇచ్చే కొట్టు. ఈ పనే చేస్తాను కాబట్టి లోపల ఎలా ఉంటుందో చెప్తా.

మా మిషన్‌లో డబ్బు తీయాలంటే మూడే కావాలి: ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర. ఖాతా నంబరు అక్కర్లేదు, పిన్ అక్కర్లేదు, ఓటీపీ రాదు. ఒకసారికి పది వేలు, మామూలుగా. అందుకే నీ రెండు డెబిట్లూ పదేసి వేలే. 11:52కి ఒకటి, 12:04కి ఒకటి అన్నావు చూడు, అది రోజు లిమిట్ దాటడానికి. తేదీ మారేదాకా కూర్చుని మళ్ళీ లాగాడు. మీకు తెలిసినవాడి పని కాదు అన్నా, ఇదే వృత్తిగా పెట్టుకున్నవాడి పని.

మేం పొద్దున మా వేలిముద్ర వేసి లాగిన్ అయితేనే మిషన్ పనిచేస్తుంది. అంటే ఏ ఆపరేటర్ ఐడీ మీద, ఏ టెర్మినల్ (మిషన్) మీద తీశారో రికార్డులో ఉంటుంది. కాగితంలో ఆ టెర్మినల్ ఐడీ, డబ్బు ఇచ్చిన అవతలి బ్యాంకు పేరు, ఊరు కావాలని రాయించు. "అది వేరే బ్యాంకు పాయింట్, మాకు సంబంధం లేదు" అంటారు. మీ ఖాతా వీళ్ళ దగ్గరే కదా, కనుక్కోవాల్సింది వీళ్ళే.

అలాగే మీ వాళ్ళు ఈ మధ్య పొలం గానీ స్థలం గానీ రిజిస్ట్రేషన్ చేయించారా?

పల్నాటి అబ్బాయి
అరెకరం అమ్మాం అన్నా, పోయిన వేసవిలో! దానికీ దీనికీ ఏంటి సంబంధం?

సీఎస్పీ సీను
దస్తావేజు మీద ఆధార్ నంబరు, వేలిముద్రలు ఉంటాయి కదా. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒకడు పట్టుబడ్డాడు. రిజిస్ట్రేషన్ వెబ్‌సైట్ నుంచి దస్తావేజులు డౌన్‌లోడ్ చేసి, ముద్రల్ని రబ్బరు మీదకు దించి, వాటితో సిమ్ కార్డులు యాక్టివేట్ చేశాడు. తర్వాత వచ్చిన గ్యాంగులు అదే పద్ధతిలో డబ్బు మీద పడ్డాయి. ఉత్త ముద్ర బొమ్మను పసిగట్టేలా ఆధార్ వాళ్ళు 2023లో కొత్త చెకింగ్ పెట్టారు, అయినా పూర్తిగా ఆగలేదు. మీ విషయంలో అదే జరిగిందని నేననను, కానీ రాసిచ్చేటప్పుడు ఆ మాట కూడా రాయండి.

గోదారి గట్టు
అంటే పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, బొటనవేలు పోతే ఎక్కడ తెచ్చుకోవాలి? బాగుంది వరస.

వరంగల్ వకీలు
అందుకే తమ్ముడూ, డబ్బు సంగతి ఒకటి, గుర్తింపు సంగతి ఇంకొకటి. 20 వేలు తిరిగొచ్చినా ఆ ముద్ర వాళ్ళ దగ్గరే ఉంటుంది. ఈరోజు బ్యాంకుకు వెళ్ళే ముందే నాన్నగారి బయోమెట్రిక్స్, అంటే ఆధార్‌లో ఉన్న వేలిముద్రలు వగైరా, లాక్ చేయండి. ఆధార్ యాప్‌లో గానీ, మైఆధార్ పోర్టల్‌లో గానీ రెండు నిమిషాల పని. ఆధార్‌కు లింకైన ఫోన్‌కు ఓటీపీ వస్తుంది. ఆ నంబరు కూడా పాతదైతే ముందు ఆధార్ సెంటర్‌లో మార్పించుకోవాలి, ఆలోపు ఖాతాలో ఏఈపీఎస్ ఆపేయమని బ్యాంకుకు రాసివ్వండి.

అదే పోర్టల్‌లో ఆథెంటికేషన్ హిస్టరీ అని ఉంటుంది. గత ఆరు నెలల్లో ఆ ఆధార్‌ను ఎవరు, ఎప్పుడు, ఏ పద్ధతిలో వాడారో అందులో కనిపిస్తుంది. పీడీఎఫ్ దించి పెట్టుకోండి. మీ దగ్గర దీన్ని మించిన సాక్ష్యం ఉండదు.

పోలీసుల విషయం. స్టేషన్‌కు వెళ్తే "సైబర్ స్టేషన్‌కు పొండి" అంటారు, అక్కడికి వెళ్తే "మీ పరిధి ఇది కాదు" అంటారు. నేరం ఎక్కడ జరిగినా సమాచారం తీసుకోవాల్సిందేనని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్‌లో ఉంది. మెయిల్ ద్వారా పంపినా చెల్లుతుంది, కాకపోతే మూడు రోజుల్లో వెళ్ళి సంతకం పెట్టాలి. ఫిర్యాదులో ఐటీ చట్టం 66సి, 66డి అని రాయండి. ఒకరి ఎలక్ట్రానిక్ గుర్తింపును దొంగతనంగా వాడితే 66సి, వేరేవాళ్ళలా నటించి మోసం చేస్తే 66డి. రెండింటికీ మూడేళ్ళ వరకు జైలు ఉంది. సెక్షన్లు రాయడం మన పని కాదు నిజానికి, కానీ రాసి ఉన్న కాగితాన్ని పక్కన పెట్టడం కొంచెం కష్టం.

మోడరేటర్
పల్నాటి అబ్బాయి గారూ, మీరు ఇప్పుడే పెట్టిన స్టేట్‌మెంట్ ఫోటో తీసేశాం. ఖాతా నంబరు, ఆధార్ చివరి అంకెలు అన్నీ కనిపిస్తున్నాయి. అక్‌నాలెడ్జ్‌మెంట్ నంబరు కూడా ఇక్కడ రాయొద్దు.
అలాగే "పోయిన డబ్బు 24 గంటల్లో రికవరీ, వాట్సాప్ చేయండి" అని పోస్టు పెట్టిన సభ్యుణ్ణి తొలగించాం. అలాంటి మెసేజ్ మీకు నేరుగా వచ్చినా మాకు చెప్పండి. 1930 వాళ్ళు ఎవరి దగ్గరా ఫీజు అడగరు.

ఇందూరు ఎడారి
నేను నిజామాబాద్ నుంచి వచ్చి దుబాయ్‌లో ఉంటున్నా. నా బాధ కూడా వినండి, ఇది ఇంకో రకం. మన దగ్గర ఇల్లు కొందామని హోమ్ లోన్‌కు అప్లై చేస్తే రిజెక్ట్. ఎందుకని సిబిల్ రిపోర్ట్ (మన అప్పుల చరిత్ర) తీస్తే, నేను పేరు కూడా వినని ఒక లోన్ కంపెనీలో నా పాన్ మీద పర్సనల్ లోన్, వాయిదాలన్నీ ఎగ్గొట్టినట్టు ఉంది. ఇంటి అడ్రస్ గుజరాత్‌ది. ఫోన్ నంబరు నాది కాదు. పుట్టిన తేదీ మాత్రం కరెక్ట్. ఊళ్ళో మా నాయనకు రికవరీ ఏజెంట్లు ఫోన్ చేసి బూతులు తిడుతున్నారు. ఏం చేయాలి?

వరంగల్ వకీలు
అన్నా, ఆ లోన్ కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు మెయిల్ పెట్టండి. "ఈ అప్పు నాది కాదు" అన్న ఒక్క ముక్కతో వదలొద్దు. లోన్ అగ్రిమెంట్ కాపీ, కేవైసీకి (గుర్తింపు తనిఖీకి) వాడిన ఫోటో, అప్పు డబ్బు ఏ ఖాతాలో జమ చేశారో ఆ ఖాతా వివరాలు ఇవ్వమని అడగండి. ముఖ్యంగా ఆ మూడోది. డబ్బు మీ ఖాతాకు రాలేదని తేలిందంటే వాళ్ళ దగ్గర చెప్పడానికి ఏమీ మిగలదు. ఆ తేదీల్లో మీరు దుబాయ్‌లో ఉన్నట్టు పాస్‌పోర్ట్ స్టాంపుల పేజీ జతచేయండి.

మా క్లయింట్ ఒకామెకు ఇలాగే అయితే ఆ కేవైసీ ఫోటో తెప్పించాం. పాన్ కార్డు మీద పేరు ఆమెది, ఫోటో గడ్డం ఉన్న మగాడిది. అది చూసీ లోన్ ఇచ్చారు! ఆ ఒక్క కాగితంతో అప్పు రద్దయింది.

కౌంటర్ వెనక
దానితోపాటే అందరి అప్పుల రికార్డు ఉంచే క్రెడిట్ బ్యూరోలో డిస్ప్యూట్ (అభ్యంతరం) వేయండి. మన దేశంలో బ్యూరోలు నాలుగు: సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ఒకదాంట్లో సరిచేస్తే మిగతావాటిలో దానంతటదే పోతుందనుకోవద్దు. ఏడాదికి ఒక్కో పూర్తి రిపోర్ట్ నాలుగు చోట్లా ఉచితంగా ఇవ్వాలి, డబ్బు కట్టి ప్లాన్ తీసుకోనక్కర్లేదు. ఫిర్యాదు వేశాక 30 రోజుల్లో తేల్చాలి. తేల్చకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయలు మీకివ్వాలని రిజర్వ్ బ్యాంకు నియమం, 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. వంద రూపాయలకు ఆశపడి కాదు, ఆ నియమం పేరు మెయిల్‌లో కనిపిస్తే ఫైలు కదులుతుంది.

ఇందూరు ఎడారి
అన్నా, అక్కా, ఇద్దరికీ దండాలు. పాన్ అంటే గుర్తొచ్చింది, ఆ పాన్ ఇంకెక్కడెక్కడ వాడారో తెలుసుకునే దారి ఉందా?

వరంగల్ వకీలు
ఒకే చోట మొత్తం చూపించేది లేదు. ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో ఏఐఎస్ (మన పాన్ మీద నమోదైన లావాదేవీల పట్టిక) తెరిచి చూడండి, మీవి కాని వడ్డీలు, కొనుగోళ్ళు ఉంటే బయటపడతాయి. జీఎస్టీ పోర్టల్‌లో పాన్‌తో వెతికితే ఆ పాన్ మీద ఏ రాష్ట్రంలో ఎన్ని జీఎస్టీ నంబర్లున్నాయో కనిపిస్తుంది. మామూలు కూలి పనివాళ్ళ పేరు మీద కోట్ల వ్యాపారం నడిచినట్టు జీఎస్టీ నోటీసులు వచ్చిన సందర్భాలు ఉన్నాయి.

గోదారి గట్టు
సిమ్‌లు మర్చిపోయారు. టెలికాం శాఖ వెబ్‌సైట్ సంచార్ సాథీలో మన నంబరు కొట్టి ఓటీపీ ఇస్తే, మన పేరు మీద ఎన్ని కనెక్షన్లున్నాయో చూపిస్తుంది. ఈ సౌకర్యం 2021లో మొట్టమొదట మన రెండు తెలుగు రాష్ట్రాలకే వచ్చింది, అయినా మనవాళ్ళలో సగం మంది చూసి ఉండరు. ఈ థ్రెడ్ చదివి నేనూ చూశా. నా పేరు మీద ఒక తెలియని నంబరు ఉంది! "నాట్ మై నంబర్" నొక్కాను. ఎవడు ఏం చేస్తున్నాడో దాంతో, కాలభైరవుడికే తెలియాలి.

బెజవాడ కిరాణా
అందరూ డబ్బు పోయినవాళ్ళ గురించి మాట్లాడుతున్నారు, నాది అటువైపు కథ. మాది వన్‌టౌన్‌లో కిరాణా కొట్టు. ఎవరో వచ్చి 1,800 సరుకులు కొని యూపీఐ కొట్టి వెళ్ళాడు. తర్వాత చూస్తే నా ఖాతా మొత్తం ఫ్రీజ్. ఆ డబ్బు వేరే రాష్ట్రంలో ఎవరినో మోసం చేసి కొట్టేసిందట. హోల్‌సేల్ వాళ్ళకు ఇచ్చిన చెక్కులు బౌన్స్ అయ్యాయి. నేనేం దొంగనా?

కౌంటర్ వెనక
కాదండీ, 1930 ఫిర్యాదు వచ్చినప్పుడు డబ్బు ఏయే ఖాతాల గుండా పోయిందో ఆ వరసంతా ఆపుతూ వస్తారు. ఆ వరసలో చివర మీరు దొరికారు. మోసపోయినవాడికి డబ్బు మిగిలేది ఇలా ఆపితేనే, అది మీ మీద పడటం అన్యాయమే. ఏ పోలీస్ స్టేషన్, ఏ ఫిర్యాదు నంబరు, ఎంత మొత్తం అన్నది బ్యాంకు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. ఆ 1,800 మీద మాత్రమే లియన్ (తీయకుండా ఆపడం) ఉంచి మిగతాది విడుదల చేయమని బ్యాంకుకు, ఆ దర్యాప్తు అధికారికి కూడా మెయిల్ పెట్టండి. బిల్లు, సీసీ కెమెరా ఫుటేజ్ ఉంటే జతచేయండి. ఫుటేజ్ చెరిగిపోకముందే కాపీ తీసిపెట్టుకోండి.

పల్నాటి అబ్బాయి
అప్‌డేట్. బయోమెట్రిక్స్ లాక్ చేశాం. ఆధార్‌కు నా నంబరే లింక్ అయి ఉండటం అదృష్టం. హిస్టరీ తీస్తే కళ్ళు తిరిగాయి. 11:46కి ఫెయిల్, 11:47కి ఫెయిల్, 11:49కి ఫెయిల్, ఆ తర్వాత 11:52కి సక్సెస్. వేలు సరిగ్గా పడే దాకా ప్రయత్నించినట్టున్నాడు. మళ్ళీ 12:04. పక్కనే అవతలి సంస్థ పేరు కూడా ఉంది. ఆ కాగితం బల్ల మీద పెట్టేసరికి మేనేజర్ గారి గొంతు మారింది, ముద్ర వేసి ఇచ్చారు. మొబైల్ నంబరు మార్పించాం, ఏఈపీఎస్ ఆపించాం. అవతలి పాయింట్ వేరే రాష్ట్రంలో అట.

కానీ ఇప్పుడు జోనల్ ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది, ఎఫ్ఐఆర్ కాపీ లేనిదే డబ్బు జమ చేయరట. స్టేషన్‌లోనేమో పిటిషన్ తీసుకున్నారు, ఎఫ్ఐఆర్ ఇంకా కట్టలేదు.

కౌంటర్ వెనక
ఎఫ్ఐఆర్ ఉంటేనే అన్న షరతు ఆ 2017 సర్క్యులర్‌లో లేదు. ఫిర్యాదు అందిన 10 పనిదినాల్లో ఆ మొత్తాన్ని తాత్కాలికంగా ఖాతాలో జమ చేయాలి, 90 రోజుల్లో తేల్చాలి. ఇదే మాట తేదీతో సహా రాసి తిరిగి పంపు. మర్యాద తగ్గొద్దు, అలాగని బతిమాలొద్దు.

బ్యాంకుకు ఫిర్యాదు ఇచ్చి 30 రోజులైనా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నాడు. సీఎంఎస్ డాట్ ఆర్‌బీఐ డాట్ ఓఆర్‌జీ డాట్ ఇన్‌లో ఉచితంగా వేసుకోవచ్చు, సందేహాలుంటే 14448. ముద్ర ఉన్న కాపీ అక్కడే పనికొస్తుంది. బ్యాంకుకు ముందు ఫిర్యాదు ఇచ్చినట్టు ఆధారం లేకపోతే వెనక్కి పంపేస్తారు.

వరంగల్ వకీలు
మా వృత్తికి నష్టమైనా చెప్తున్నా, అంబుడ్స్‌మన్ దగ్గరికి వకీలు ద్వారా వెళ్తే తీసుకోరు. నాన్నగారి పేరు మీద మీరే వేయండి. పోలీసు కేసు నడుస్తున్నా అంబుడ్స్‌మన్ ఫిర్యాదుకు అడ్డం కాదు. అదే కారణం మీద కన్స్యూమర్ కోర్టుకు వెళ్ళి ఉంటే మాత్రం అడ్డమే, కాబట్టి రెండూ ఒకేసారి వేయొద్దు.

అవతలి ఖాతాలో డబ్బు ఏమైనా ఆగి ఉంటే దాన్ని తిరిగి ఇప్పించడానికి, మొత్తం పెద్దదైతే, కోర్టు ఆర్డర్ కావాలి. తెలంగాణలో సైబర్ సెక్యూరిటీ బ్యూరో వాళ్ళు ఇలాంటివి లోక్ అదాలత్‌లో పెట్టి ఇప్పిస్తున్నారు. మీది నగదుగా తీసుకెళ్ళిన కేసు, ఆగి ఉండే అవకాశం తక్కువ. మీరు బ్యాంకునే పట్టుకోండి.

సీఎస్పీ సీను
ఆపరేటర్లను బ్యాంకులు సరిగ్గా తనిఖీ చేసుకోవాలని రిజర్వ్ బ్యాంకు 2025 జూన్‌లో కొత్త రూల్స్ ఇచ్చింది. మూడు నెలలు మిషన్ ఖాళీగా ఉంటే మళ్ళీ కేవైసీ చేశాకే ఇవ్వాలి. మంచిదే. ఒకడి ఐడీ ఇంకొకడు అద్దెకు తీసుకోవడం మా లైన్‌లో అందరికీ తెలిసిందే, ఆ అర్ధరాత్రి బేరం కూడా అలాంటి ఐడీ మీదే జరిగి ఉంటుంది.

పల్నాటి అబ్బాయి
10 వేలు జమ అయ్యాయి, పక్కన తాత్కాలికం అని ఉంది. రెండోది "పరిశీలనలో" అట. ఒకే రాత్రి, ఒకే మిషన్, ఒకటి మోసం, ఇంకొకటి కాదా? 30 రోజులు నిండగానే అంబుడ్స్‌మన్‌కు వేస్తాను. సర్క్యులర్ ప్రింట్ తీసి నాన్న పాస్‌బుక్‌లో పెట్టుకున్నారు.

ఇంకో చిన్న తలనొప్పి. నిన్న రేషన్ షాపులో నాన్న వేలు పెడితే మిషన్ 330 అని ఎర్రర్ చూపించి బియ్యం ఇవ్వలేదు. లాక్ తీసేయమంటున్నాడు డీలర్.

సీఎస్పీ సీను
330 అంటే బయోమెట్రిక్స్ లాక్‌లో ఉన్నాయని అర్థం, లాక్ పనిచేస్తోందన్నమాట. శాశ్వతంగా తీయొద్దు అన్నా. నాన్నగారు షాపులో వరుసలో నిలబడ్డాక నీకు ఫోన్ చేయమను, నువ్వు హైదరాబాద్‌లో కూర్చునే ఆధార్ యాప్‌లో కాసేపటికి అన్‌లాక్ చేయొచ్చు. తర్వాత దానంతటదే మళ్ళీ లాక్ అవుతుంది. పెన్షన్‌కైనా ఇంతే. డీలర్‌కు ముందే చెప్పి పెట్టు, లేకపోతే వెనకున్నవాళ్ళు అరుస్తారు.